నెత్తుటిలోని సూదంటురాయి

అండమాన్, నికోబార్ దీవులలో వలసలు స్థాపించబోయిన ఐరోపావారిని పదేపదే వెనక్కు పంపినది జ్వరం. 1768లో నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవిపై దిగిన మొరేవియన్ క్రైస్తవ ప్రచారకులు ఒకరి తరువాత ఒకరుగా మంచం పట్టి, చివరకు 1787లో ఆ ప్రయత్నం విరమించుకున్నారు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లోని చాతం దీవి వద్ద ఈస్టిండియా కంపెనీ తరఫున ఒక స్థావరం నెలకొల్పాడు. మూడేళ్లకు దానిని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడ రోగాలు ముమ్మరించి మరణాలు పెరగడంతో 1796లో స్థావరమే ఎత్తివేశారు. మరి అరవై రెండేళ్ల వరకు కంపెనీవారు అక్కడ మళ్లీ స్థావరం నెలకొల్పలేదు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగి అడవి నరికించడం మొదలుపెట్టాడు. ఆ ఖైదీలనూ, వారి కాపలాదారులనూ కూడా జ్వరం విడిచిపెట్టలేదు.

ఆనాటి వైద్యులు 'జ్వరం' అని రాసిపెట్టిన మాటలో ఎన్ని వ్యాధులు కలిసి ఉన్నవో ఇప్పుడు విడదీయడం కష్టం. వాటిలో చలిజ్వరం, అనగా మలేరియా, ముందు వరుసలో ఉండినదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. తెలుగువారికి ఇది పరాయి వ్యాధి కాదు. మన్యం అడవులలో అడుగుపెట్టిన సైనికులు, సర్వేదారులు, గుమాస్తాలు ఎందరో ఈ వణుకుతోనే కొండ దిగి వచ్చారు.

ఇంత పాత జ్వరానికీ సూదంటురాయికీ సంబంధం ఉన్నదంటే కొందరు నవ్వవచ్చు. కాని ఆ సంబంధం నిజమైనది. రోగి వేలికొసన తీసిన ఒక్క బొట్టు నెత్తురు గాజుపలకపై పలుచని పొరగా పరచినపుడు, ఆ పొరలో అయస్కాంతానికి లొంగే అతిసూక్ష్మమైన నల్లని రేణువులు ఉంటవి. చలిజ్వరం సోకనివాని నెత్తుటిలో అవి ఉండవు. వీటిని మొదట చూసినవారికి ఇవి అయస్కాంతానికి లొంగుతవని తెలియదు. కాని మలేరియా చరిత్రలోని పెద్ద ఆవిష్కరణలన్నీ ఈ నలుసుల వెంట నడిచినవే.

1847లో జర్మన్ వైద్యుడు మెకెల్ ఒక రోగి శవపరీక్షలో ఈ నల్లని రంగుపదార్థాన్ని గుర్తించాడు. 1880 నవంబరులో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ జ్వరపీడితుల నెత్తుటిలో అవే నలుసులను వెదుకుతూ, వాటిని కడుపులో మోసుకుని కదలాడుతున్న పరాన్నజీవిని చూశాడు. ఇక మూడవ ఘట్టం మన సికింద్రాబాదులో జరిగినది.

రొనాల్డ్ రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరినవాడు. మద్రాసు, బర్మా, అండమాన్, బెంగుళూరు మొదలైన చోట్ల పనిచేసి సికింద్రాబాదు చేరాడు. చలిజ్వరానికి దోమ కారణమన్న ఊహ అతని గురువు మాన్సన్‌ది. దానిని రుజువు చేయడం శిష్యుని వంతు అయినది. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక్కొక్క అణా చొప్పున పుచ్చుకుని, తన నెత్తుటిని దోమలకు అప్పగించాడు. 1897 ఆగస్టు 20వ తేదీన, పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చుని, చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శినిలో రాస్ ఒక దోమ కడుపుగోడను పరీక్షించాడు. అక్కడ ఉండరాని గుండ్రని కణాలు కనిపించినవి. వాటిలో ఉన్నవి మలేరియా రోగి నెత్తుటిలోని నల్లని నలుసులే. ఆ నలుసులే లేకపోతే ఆ కణాలు ఏమిటో చెప్పడం అతని తరమయ్యేది కాదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పరాన్నజీవశాస్త్ర సంస్థ.

ఆ నలుసు ఏమిటన్న ప్రశ్నకు పూర్తి సమాధానం రావడానికి మరొక నూరేళ్లు పట్టినది. సమాధానం వెనుక ఉన్నది ఇనుము.

మనిషి నెత్తుటిలోని హీమోగ్లోబిన్ మొత్తంలో ఇనుము రెండున్నర గ్రాములకు మించదు. ఒక చిన్న మేకుకు సరిపోతుంది. అయితే మేకులోని ఇనుమూ నెత్తుటిలోని ఇనుమూ ఒకే విధంగా ప్రవర్తించవు. మేకులో ఇనుప పరమాణువులు కోటానుకోట్లు ఒకదానినొకటి ఆనుకుని, ఒకే మాటపై నిలిచే మూకవలె ఉంటవి. నెత్తుటిలో ప్రతి ఇనుప పరమాణువూ ఒంటరిది. నాలుగు నైట్రోజన్ పరమాణువులు దానిని నాలుగువైపుల నుండి పట్టుకుని ఒక చదునైన చట్రం మధ్య కూర్చోబెడతవి. ఈ చట్రానికి పార్ఫిరిన్ అని పేరు. ఇనుముతో కూడిన చట్రాన్ని హీమ్ అంటారు. ఇట్లా ఒక లోహ పరమాణువు చుట్టూ ఇతర పరమాణువులు తమ ఎలక్ట్రాన్ల జంటలను సమర్పించి ఏర్పరచే పదార్థాలకు మన తెలుగు పాఠ్యగ్రంథాలు 'సమన్వయ సమ్మేళనాలు' అని పేరు పెట్టినవి. అనువాదకులు పడిన పాట్లలో ఇది మంచి ఫలితమిచ్చినదే అనాలి. లోహం, దాని చుట్టూ ఉన్న పరివారం, వారి మధ్య కుదిరిన సమన్వయం అన్నీ ఆ మాటలో ఉన్నవి. ఆకుపచ్చని పత్రహరితంలో ఇటువంటి చట్రం మధ్య ఉన్నది మెగ్నీషియం. బి12 విటమినులో దీనికి దగ్గర చుట్టమైన మరొక చట్రం నడుమ కోబాల్టు ఉన్నది.

పరివారాన్ని బట్టి లోహం స్వభావం మారిపోతుంది. అయస్కాంత గుణం అందులో ముఖ్యమైనది. ఎలక్ట్రాన్ ప్రతిదీ ఒక చిట్టి అయస్కాంతం. రెండు ఎలక్ట్రాన్లు జతకూడితే ఒకదాని గుణాన్ని మరొకటి రద్దు చేస్తుంది. జత దొరకక మిగిలిపోయిన ఒంటరి ఎలక్ట్రాన్లు ఎన్ని ఉంటే పరమాణువు అంతగా అయస్కాంతానికి ఆకర్షితమవుతుంది. దీనిని పారా అయస్కాంతత్వం అంటారు. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేని పదార్థం అయస్కాంతం నుండి స్వల్పంగా ఎడంగా తొలగుతుంది. అది డయా అయస్కాంతత్వం.

1845లో ఫారడే ఎండిన నెత్తుటిని పరీక్షించి, అందులో ఇనుము ఉండికూడా అయస్కాంతం దానిని లాగకపోవడం గమనించాడు. కారణం చెప్పడానికి తొంభై ఏళ్లు పట్టినది. 1936లో అమెరికాలో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ అనే ఇద్దరు, ఆక్సిజన్ నిండిన నెత్తుటిలోని ఇనుముకు ఒంటరి ఎలక్ట్రాన్లు లేవనీ, ఆక్సిజన్‌ను విడిచిన నెత్తుటిలో ఒక్కొక్క ఇనుముకు నాలుగేసి ఉన్నవనీ కొలిచి చూపారు. గుండె నుండి వెళ్లే ఎర్రని నెత్తురు అయస్కాంతానికి ఎడంగా ఉంటుంది. తిరిగివచ్చే నల్లనెత్తురు దానివైపు రవంత మొగ్గుతుంది. ఆ మొగ్గు ఎంత స్వల్పమంటే, నెత్తుటిని అయస్కాంతం లాగుతుందని చెప్పి కంకణాలు, పట్టీలు అమ్మేవారి ప్రకటనలను నమ్మవలసిన పని లేదు.

మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలో ప్రవేశించగానే తినడం మొదలుపెడుతుంది. దానికి అక్కడ దొరికే ఆహారం హీమోగ్లోబినే. ఒక ఎర్రకణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కొక్క అణువులో నాలుగు హీమ్‌లు ఉంటవి. నలభై ఎనిమిది గంటలలో పరాన్నజీవి అందులో సగానికి పైగా అరగించుకుంటుంది. దానికి కావలసినది మాంసకృత్తు మాత్రమే. హీమ్ దానికి జీర్ణం కాదు సరికదా, విడిగా వదిలితే పరాన్నజీవి పొరలనే కాల్చివేసే విషం. విందు భోజనంలో విస్తరితోపాటు విషం కూడా వచ్చినట్లు. అందుచేత అది హీమ్‌లను రెండేసి చొప్పున జతపరచి, ఒకదాని ఇనుముకు మరొకదాని కొసనున్న ఆమ్లపు చేతిని తగిలించి, అట్టి జతలను పేర్చి స్ఫటికాలుగా గడ్డకట్టిస్తుంది. ఈ స్ఫటికమే హీమోజోయిన్. మెకెల్, లావెరాన్, రాస్ చూసిన నల్లని నలుసు. మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు మించని ఈ ఇటుకల లోపలి అమరిక 2000 సంవత్సరంలో గాని స్పష్టంగా బయటపడలేదు.

క్లోరోక్విన్ మందు పనిచేసేది కూడా ఇక్కడనే. అది స్ఫటికం పెరగకుండా అడ్డుపడుతుంది. పరాన్నజీవి తన విషంలో తానే మునిగి చస్తుంది. ఆ మందును బయటకు తోసివేసే నేర్పు అలవరచుకున్న పరాన్నజీవులు పుట్టిన తరువాత ఫాల్సిపారమ్ రకం మలేరియాకు క్లోరోక్విన్ వాడుక తగ్గిపోయినది. అయినా స్ఫటికం కట్టుకోవడం మాత్రం ఆ పరాన్నజీవులు కూడా మానుకోలేదు. హీమోగ్లోబిన్ తిన్నంతకాలం దానికి ఆ బెడద తప్పదు.

ఇప్పుడు అయస్కాంతం సంగతి. హీమోజోయిన్‌లోని ప్రతి ఇనుముకూ ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నవి. ఎర్రనెత్తుటి ఇనుముకు ఒక్కటీ లేదన్నది గుర్తుంచుకోవాలి. పరాన్నజీవి తన విసర్జనను దాచుకునే ప్రయత్నంలో, అయస్కాంతానికి అంటని నెత్తుటిలో అయస్కాంతానికి లొంగే పదార్థాన్ని తయారుచేసి పెట్టుకుంటున్నదన్నమాట. ఇది మేకువలె గభాలున వెళ్లి సూదంటురాయికి అతుక్కోదు. బలమైన అయస్కాంతం దగ్గరకు వచ్చినపుడు నెమ్మదిగా అటు జరుగుతుంది. పొడుగాటి స్ఫటికం గనుక ద్రవంలో ఉంటే ఒక నిర్ణీత దిశకు తిరిగి ఒదుగుతుంది. అయస్కాంతం తీసివేస్తే మరల చెదరిపోతుంది. 'అయస్కాంతం' అన్న సంస్కృత పదానికి ఇనుముకు ప్రియమైనదని అర్థం. కాళిదాసు కుమారసంభవంలో ఈ ఆకర్షణను ఉపమానంగా వాడుకున్నాడు. మన 'సూదంటురాయి' మరింత నిక్కచ్చి మాట, సూది అంటుతుందా లేదా అన్నదే దాని పరీక్ష. హీమోజోయిన్ విషయంలో అంటడం తక్కువ, తలతిప్పి చూడడం ఎక్కువ.

సమన్వయ సమ్మేళనాల నుండి అయస్కాంతాలు తయారుచేయాలన్న తపన రసాయన శాస్త్రజ్ఞులలో చాలాకాలంగా ఉన్నది. లోహాన్ని కొలిమిలో కరిగించి పోయనక్కరలేకుండా, గాజుపైనో ప్లాస్టిక్‌పైనో ద్రావణం నుండి పలుచని పొరగా దింపగల అయస్కాంతం వారి లక్ష్యం. మూడు వందల ఏళ్ల నుండి చిత్రకారులు వాడుతున్న ప్రష్యన్ నీలం ఇటువంటి సమ్మేళనమే. అయితే అది నిజమైన అయస్కాంతం కావాలంటే సున్నాకు దిగువన 267 డిగ్రీల చలి కావాలి. 1995లో ఫ్రాన్సులో వెర్దగెర్ బృందం ఇనుముకు బదులు వెనేడియం, క్రోమియం చేర్చి, 42 డిగ్రీల వేడివరకు అయస్కాంతంగా నిలిచే బంధువును తయారుచేసింది. ప్రయోగశాలకు అది ఘనవిజయం. రెంటచింతల మే నెల ఎండలో పెడితే మాత్రం ఆ గుణం ఎగిరిపోతుంది. 2007లో జర్మనీ, స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇనుప పార్ఫిరిన్ అణువులను, అనగా హీమ్‌కు అక్కచెల్లెళ్లను, కోబాల్టు, నికెల్ పొరలపై ఒక్క వరుసగా పరచి చూశారు. ఆ ఒంటరి ఇనుములు కింది లోహం ఏ దిశకు తిరిగితే ఆ దిశకే తిరిగినవి. ఒక్కొక్క అణువులో ఒక్కొక్క అక్షరం దాచే జ్ఞాపకపేటికలు తయారవుతాయని ఆశ. ఆ ఆశ నెరవేరడానికి ఇంకా కాలం పడుతుంది.

ఈలోగా అదే ఇనుము, దాదాపు అదే చట్రం, ప్రతి మలేరియా రోగి నెత్తుటిపొరలో ఉచితంగా దొరుకుతున్నది. పరిశోధకుల చూపు అటు మళ్లడం సహజమే.

నెత్తుటిపొర తీయడం ఆరోగ్య కార్యకర్తలకు నిత్యకృత్యం. ఎడమచేతి ఉంగరపు వేలిని సూదితో గుచ్చుతారు. గాజుపలకపై ఒక చోట మందపాటి పూత, ఇంకొక చోట మరొక పలక అంచుతో లాగిన పలుచని పూత వేస్తారు. పలుచని పూతలో ఎర్రకణాలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా ఒకే వరుసలో పరచుకుంటవి; పరాన్నజీవి ఏ జాతిదో అక్కడ తెలుస్తుంది. మందపు పూతలో ఎక్కువ నెత్తురు ఉంటుంది గనుక అరుదైన పరాన్నజీవి కూడా దొరుకుతుంది. తరువాత రంగు అద్దాలి. మన మలేరియా కార్యక్రమంలో విరివిగా వాడిన రంగు 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ రూపొందించినది. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతోనే దానిని పిలుస్తారు. ఆపైన మనిషి కళ్లు పనిచేయాలి. పరాన్నజీవి లేదని చెప్పడానికి ముందు కనీసం నూరు దృశ్యక్షేత్రాలు వెదకాలని నియమం. పెద్ద రేవుపట్టణంలోని ఆసుపత్రిలో ఇది సాధ్యమే. పడవ వచ్చిన రోజే ఉత్తరాలు, మందులు వచ్చే దీవిలో, రోజుకు వంద పలకలు చూసి కళ్లు చెమ్మగిల్లిన ఒక్క ఉద్యోగి దగ్గర అదే నియమం ఎంతవరకు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

అయస్కాంతాన్ని ఈ పనికి పిలవవచ్చునని 1981లో బ్రిటిష్ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో చూపారు. అయస్కాంత క్షేత్రంలో ఉంచిన సన్నని ఉక్కుతీగల గుండా నెత్తుటిని ప్రవహింపజేస్తే, ఆరోగ్యకరమైన కణాలు జారిపోయినవి; నలుసులు మోస్తున్న కణాలు తీగలకు చిక్కుకున్నవి. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇంకొక మెట్టు ఎక్కారు. అయస్కాంత ధ్రువాల మధ్య సన్నని సందుపై నెత్తుటిని పొరగా పారించి, రోగగ్రస్త కణాలన్నీ పలకపై ఒకే సన్నని చారగా కూడేటట్లు చేశారు. పొలమంతా వెదకడానికి బదులు గట్టు వెంబడి నడిస్తే చాలు. పాపువా న్యూగినీలో ఈ పద్ధతితో పరీక్షించినపుడు, దోమకు అంటగల దశలోని పరాన్నజీవులు మామూలు పూతలలో కంటే ఎంతో ఎక్కువమంది నెత్తుటిలో బయటపడినవి.

2013లో బుడాపెస్టు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినినే పక్కకు తోశారు. నెత్తుటి బొట్టును నీటిలో కలిపి కణాలను పగులగొడితే నలుసులు ద్రవంలోకి వస్తవి. ఆ సీసా చుట్టూ అయస్కాంతాన్ని తిప్పితే స్ఫటికాలు కూడా దానితోపాటు గానుగెద్దు వలె తిరుగుతవి. స్ఫటికం ఒక దిశలో వెలుగును ఎక్కువగా, మరొక దిశలో తక్కువగా మింగుతుంది. కాబట్టి అయస్కాంతం ఒక చుట్టు తిరిగేసరికి సీసా గుండా వచ్చే వెలుగు రెండుసార్లు హెచ్చుతగ్గవుతుంది. ఆ మిణుకు ఎంత ఉంటే నలుసులు అంత. రంగు అద్దనక్కరలేదు, నిపుణుని కన్ను అక్కరలేదు, కొద్ది నిమిషాలు చాలు. ఇదే సూత్రంపై పనిచేసే ఒక చిన్న పెట్టెను మన దేశంలో జబల్‌పూర్ పరిశోధకులు పరీక్షించి, నిమిషంలో ఫలితం చెప్పగలదని 2020లో ప్రకటించారు.

అండమాన్, నికోబార్‌లకు ఇది ఎందుకు పనికివస్తుందో తెలియాలంటే అక్కడి దోమను కొంత ఎరగాలి. 1912లో క్రిస్టఫర్స్ అనే మలేరియా నిపుణుడు అండమాన్‌పై ప్రచురించిన నివేదికలో, చలిజ్వరం సముద్రపు ఒడ్డునున్న ఉప్పుచిత్తడి నేలల దాపులనే ముమ్మరంగా ఉండి, లోపలికి పోయినకొద్దీ తగ్గడం చూపాడు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే మడుగులలో గుడ్లు పెట్టే ఆ దోమను ఇప్పుడు అనాఫిలిస్ సుండైకస్ అంటున్నారు. నికోబార్‌లో ముఖ్యమైన వాహకం ఇదే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు దక్షిణ అండమాన్‌లో భూమి కుంగి, వరిపొలాలలోకి సముద్రపు పోటు ఎక్కింది. పండిన చేలు ఉప్పుమడుగులైనవి. ఆ మడుగులు ఈ దోమకు పుట్టినిళ్లు కాగలవని పాండిచ్చేరి నుండి వెళ్లిన పరిశోధకులు మరుసటి సంవత్సరమే హెచ్చరించారు.

శిబిరాలలో దోమతెరలు, మందుచల్లడం, రక్తపరీక్షలు ముమ్మరం చేశారు. తరువాతి ఏళ్లలో ఈ దీవులలో మలేరియా బాగా తగ్గినది. 2027 నాటికి దేశంలో పుట్టే మలేరియా ఉండరాదనీ, 2030 నాటికి నిర్మూలన పూర్తి కావాలనీ కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టుకున్నది. జ్వరం ఎక్కువగా ఉన్నపుడు రోగిని కనుక్కోవడం కష్టం కాదు, వాడు వణుకుతూ తానే వస్తాడు. జ్వరం అరుదైనపుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఒంట్లో పరాన్నజీవి ఉండికూడా వణుకు లేనివాడు కొబ్బరితోటలో పనిచేసుకుంటూ ఉంటాడు. సాయంకాలం దోమలు అతని దగ్గరకు కూడా వెళతవి. సునామీ ఇచ్చిపోయిన మడుగులు ఉన్న దీవిలో అట్టివాడు ఒక్కడు చాలు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ దీవులలో ఎన్నో ఉన్నవి. ఓడ ఎక్కి వచ్చేపోయేవారికి జ్వరం కూడా తోడు రావచ్చును.

ఇప్పుడు విరివిగా వాడుతున్న కాగితపుపట్టీ పరీక్షకు ఒక లోపం ఉన్నది. ఫాల్సిపారమ్ రకానికి అది వెదికేది పరాన్నజీవి తయారుచేసే ఒక మాంసకృత్తును. ఆ మాంసకృత్తు తాలూకు జన్యువునే పోగొట్టుకున్న పరాన్నజీవులు మన దేశంలోనూ బయటపడినవి. వాటిని పట్టీ చూడలేదు. నలుసును వెదికే పద్ధతికి ఆ భయం తక్కువ. హీమోగ్లోబిన్ తినకుండా బతికే ఉపాయం ఆ పరాన్నజీవికి ఇంకా దొరకలేదు.

ఇంతమాత్రం చేత అయస్కాంతం చేతికిచ్చి ఆరోగ్య కార్యకర్తను పడవ ఎక్కించడం తొందరపాటు. 2021లో ప్రచురితమైన పాపువా న్యూగినీ పరీక్షలలో, మలేరియా అనుమానంతో వచ్చిన 956 మందిని తిరిగే అయస్కాంతంతో పరీక్షించారు. నిపుణుల సూక్ష్మదర్శినితో పోల్చితే, వ్యాధి ఉన్నవారిలో నూటికి 82 మందిని అది పట్టుకున్నది. లేనివారిలో నూటికి 84 మందిని లేదని సరిగా చెప్పినది. వైవాక్స్ రకానికి ఈ సంఖ్యలు 87, 88. జ్వరంతో వచ్చినవారి వరుసలో ఇది మెచ్చదగిన ఫలితమే. కాని ఒక దీవిలో జ్వరం లేని వెయ్యిమందిని వరుసగా పరీక్షించినట్లు, వారిలో నిజంగా ఐదుగురికే వ్యాధి ఉన్నట్లు అనుకుందాం. ఐదుగురిలో నలుగురు దొరుకుతారు. దొరికిన ఆ నలుగురితోపాటు, ఏ వ్యాధీ లేని 159 మంది కూడా రోగులుగా లెక్కకు వస్తారు. ఆ నలుగురు ఎవరో తేల్చడానికి మరల గాజుపలక, రంగు, సూక్ష్మదర్శిని కావాలి. వెదకవలసినవారు వెయ్యి నుండి నూట అరవై మూడుకు తగ్గడం చిన్న లాభమేమీ కాదు, దానిని మించిన ఆశ పెట్టుకోవడమే పొరపాటు.

ఈ పొరపాట్లకు కారణాలు పరాన్నజీవి జీవితంలోనే ఉన్నవి. ఎర్రకణంలో ప్రవేశించిన తొలి గంటలలో అది ఉంగరం ఆకారంలో ఉంటుంది. అప్పటికి తిన్నది తక్కువ, నలుసు ఇంకా గట్టిపడలేదు. ఫాల్సిపారమ్ రకం పెరిగి నలుసు నింపుకున్న తరువాత వేలికొసకు రాదు, లోపలి అవయవాల సన్నని నాళాల గోడలకు అతుక్కుని దాక్కుంటుంది. వైవాక్స్ అన్ని వయసులలోనూ నెత్తుటిలో తిరుగుతుంది కాబట్టి అయస్కాంతానికి అదే సులభంగా చిక్కుతుంది. అయితే ఆ వైవాక్సే మరొక మోసం చేస్తుంది. దాని సంతానంలో కొంత కాలేయంలో నెలల తరబడి నిద్రిస్తుంది. అక్కడ హీమోగ్లోబిన్ తినడం లేదు, నలుసు లేదు. ఏ అయస్కాంతమూ దానిని చూడలేదు. పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఒకటి కూడా విడువకుండా మింగించడం దానికి వాడుకలో ఉన్న దారి.

ఇక లేని రోగం ఉన్నట్లు చెప్పడం సంగతి. మందు వేసుకుని జ్వరం తగ్గిన తరువాత కూడా నలుసులు వెంటనే పోవు. పగిలిన కణాల నుండి వెలువడిన వాటిని తెల్లకణాలు మింగి, కొంతకాలం తమలో ఉంచుకుంటవి. వాటిని అరగించుకోవడం వాటికీ కష్టమే. అందువలన సూక్ష్మదర్శినిలో ఒక్క పరాన్నజీవీ కనిపించని మనిషి నెత్తురు కూడా అయస్కాంతం ముందు మిణుకుమంటుంది. ఒక రోగికి మందు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవలసిన వైద్యునికి ఇది చికాకు. ఒక దీవిలో మలేరియా నిజంగా పోయినదా, లేక లెక్కలలో మాత్రమే పోయినదా అని తెలుసుకోగోరేవారికి మాత్రం ఇదే మిణుకు మంచి సాక్ష్యం. పాపువా న్యూగినీ పరిశోధకులు దీనిని కూడా గమనించారు. పరాన్నజీవి లేనివారిలో మిగిలిపోయిన నలుసుల సంకేతం, ఆ ప్రాంతంలో ఇటీవల వ్యాధి ఎంత వ్యాపించినదో అంచనా కట్టడానికి ఉపకరించవచ్చునని సూచించారు.